చిన్నపిల్లలతో రాత్రి బస చేసే వేసవి ఉత్సవాలు: తిరుపతి చుట్టుపక్కల ఏవి మేలు?

మీరు అడిగింది ఇది: ఇంగ్లండులో ఉన్నప్పుడు ఏటా వేసవిలో పిల్లలను తీసుకుని, మైదానంలో డేరా వేసుకుని, రెండు మూడు రోజులు పాటలూ ఆటలూ చూసే ఉత్సవాలకు వెళ్ళేవారు. ఇప్పుడు తిరుపతిలో స్థిరపడ్డారు. బాబుకు ఏడేళ్ళు, పాపకు మూడు. అలాంటివి ఇక్కడ ఉన్నాయా, ఉంటే ఏది ఎంచుకోవాలి?

ఉన్నాయమ్మా. కాకపోతే వాటికి టిక్కెట్టు లేదు, కంచె లేదు, పిల్లలకు వేరే చోటంటూ ఎవరూ కేటాయించరు. ఊరి మైదానమో, గుడి ముందు ఖాళీ స్థలమో, తెలిసినవాళ్ళ వసారానో మీ డేరా. నేను షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకు ఇచ్చే పనిలో ఉన్నవాణ్ణి. మా సరుకు వెళ్ళిన ఉత్సవాలకల్లా సెలవుల్లో మా పిల్లలూ వచ్చేవారు, ఇప్పుడు మనవలు వస్తున్నారు. గుంజ పాతడానికి ముందు నేల ఎలా ఉందో, గాలి ఎటు కొడుతుందో, వైరు ఎక్కడి నుంచి లాగాలో చూడడం నా పని. పిల్లలకు పక్క వేసేటప్పుడూ అవే చూస్తాను.

ఉత్సవం ఎంచుకోవాలంటే అందరూ అడిగేది ఎక్కడ ఘనంగా జరుగుతుందని. చిన్నపిల్లలున్నవాళ్ళు ఆ ప్రశ్నను పక్కన పెట్టి రెండే అడగాలి: అసలు ఘట్టం ఎన్ని గంటలకు, పిల్ల పడుకునేది ఎక్కడ. ఈ రెండింటికీ సరైన జవాబు వచ్చిన చిన్న ఊరి తిరునాళ్ళు, జవాబు రాని పెద్ద బ్రహ్మోత్సవం కంటే మేలు. ఘనతంతా జనంలోనే ఉంటుంది. మూడేళ్ళ పిల్లకు జనమంటే కనిపించేది పెద్దవాళ్ళ మోకాళ్ళు మాత్రమే.

ముందు కాలం సంగతి. మన దగ్గర మే నెల మొదటి వారం నుంచి చివరి దాకా కత్తెర ఎండలు. తిరుపతిలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా కాగిన కొండ రాత్రి పదింటికి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెతే ఉంది. చేతిలో ఉన్నది ఏప్రిల్, జూన్ రెండో వారం దాకా మిగిలే సెలవులు, మేలో సాయంత్రాలు. పగటి ఉత్సవమైతే ఉదయం తొమ్మిదిన్నరకల్లా నీడకు చేరాలి, సాయంత్రం ఐదున్నరకు ముందు బయట అడుగు పెట్టకూడదు. ఈ నియమం ఒక్కటి పాటిస్తే సగం కష్టాలు మీ గడప తొక్కవు.

ఇంకో మాట. మన ఉత్సవాలు తిథులను బట్టి నడుస్తాయి కాబట్టి ఏటా తేదీలు జరుగుతుంటాయి. అధిక మాసం వచ్చిన ఏడాది మరీ జరుగుతాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, అంటే నిజ జ్యేష్ఠ పౌర్ణమి జూన్ నెలాఖరుకు పోతుంది. అప్పటికి బడులు తెరిచేసి ఉంటారు. పోయిన ఏడాది తేదీ చూసుకుని సెలవు పెట్టుకోకండి.

ఇక ఏవి అన్నది. మొదటిసారి అయితే రాత్రి బస లేనిదానితో మొదలుపెట్టండి. తిరుచానూరులో పద్మావతి అమ్మవారికి జ్యేష్ఠ మాసంలో పౌర్ణమితో ముగిసేలా ఐదు రోజులు తెప్పోత్సవాలు జరుగుతాయి. సాయంత్రం పొద్దుగూకాక పద్మసరోవరంలో దీపాలు పెట్టిన తెప్ప తిరుగుతుంది. పిల్లల దృష్టితో చూస్తే మన జిల్లాలో దీనికి సాటి లేదు. ఎందుకంటే ఉత్సవమే కదులుతుంది, మనం మెట్ల మీద కూర్చుంటే చాలు. తోసుకునే పని లేదు. రాత్రి భోజనం వేళకు ఇంటికి చేరవచ్చు. తెప్ప అవతలి ఒడ్డుకు వెళ్ళినప్పుడు పిల్లలు విసుక్కుంటారనుకుంటాం. అలా జరగదు, నీళ్ళలో వణికే దీపాల నీడలు చూస్తూ ఉండిపోతారు. ఒక్కటే జాగ్రత్త: మెట్లు తడిగా ఉంటాయి. కాబట్టి కింది మెట్ల మీద కాకుండా పై వరుసల్లో కూర్చోండి, పాప చెయ్యి వదలకండి. పౌర్ణమి రోజున జనం ఎక్కువ కాబట్టి రెండో రోజో మూడో రోజో వెళ్ళండి.

తర్వాతి మెట్టు వైశాఖ, జ్యేష్ఠ మాసాల బ్రహ్మోత్సవాలు. తిరుపతి ఊళ్ళో గోవిందరాజస్వామికి, పుత్తూరు దగ్గర నారాయణవనంలో కల్యాణ వేంకటేశ్వరస్వామికి వైశాఖంలో, అప్పలాయగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామికి జ్యేష్ఠంలో, తొమ్మిదేసి రోజులు. మూడూ దేవస్థానం వారి గుళ్ళే, వాహనాల వరుస కూడా ఒకటే. కానీ పిల్లలతో వెళ్ళేవాళ్ళకు మూడూ ఒకటి కావు. గోవిందరాజస్వామి గుడి రైల్వేస్టేషన్ పక్కన, బజారు నడిబొడ్డున ఉంది. ఇంటి నుంచి వెళ్ళి వాహనం చూసి వచ్చేయడానికి బాగుంటుంది, కానీ అక్కడ బస చేయడమన్న మాట లేదు. నారాయణవనం, అప్పలాయగుంట ఊళ్ళు. అక్కడ గుడి చుట్టూ గాలి ఆడుతుంది, వీధిలో పిల్లలు పరుగెత్తే చోటుంటుంది. నారాయణవనం పద్మావతీ శ్రీనివాసుల కల్యాణం జరిగిన చోటని మనవాళ్ళ నమ్మకం. అందుకే బాబుకు ఆకాశరాజు కథ ముందే చెప్పి తీసుకువెళ్ళండి. కథ తెలిసిన పిల్లవాడు ఊరేగింపును ఇంకోలా చూస్తాడు.

తొమ్మిది రోజుల్లో ఏ రోజు? అందరూ ఐదో రోజు రాత్రి గరుడసేవకు పరుగెడతారు. మీరు ఆరో రోజుకు వెళ్ళండి. పొద్దున హనుమంత వాహనం, రాత్రి గజ వాహనం. మూడేళ్ళ పిల్లకు కూడా కోతి, ఏనుగు తెలుసు. కల్పవృక్షమంటేనో సర్వభూపాలమంటేనో మీరు వివరించాలి. గరుడసేవ జనం దిగిపోయి వీధులు కాస్త ఖాళీగా కూడా ఉంటాయి. ఎనిమిదో రోజు రథానికి మాత్రం చిన్నపిల్లలను దగ్గరకు తీసుకువెళ్ళవద్దు. రథం తాడు పట్టుకోవడం పుణ్యమే. కానీ తాడు ఒక్కసారిగా బిగిసినప్పుడు పక్కన ఉన్నవాళ్ళు ఎటు పడతారో ఎవరూ చెప్పలేరు. మిద్దె మీద నుంచి చూపించండి.

మాడవీధుల్లో ఎక్కడ నిలబడాలన్నదీ ముఖ్యమే. నాలుగు మూలల్లో వాహనం ఆగుతుందని జనమంతా అక్కడే చేరతారు. మీరు వీధి మధ్యలో ఏదైనా అరుగు చూసుకోండి. అసలు పిల్లలకు నచ్చేది వాహనానికి ముందు వచ్చే భాగం: కోలాటం జట్లు, భజన బృందాలు, డప్పులు, వేషాలు. వాహనం వచ్చేలోపు వాళ్ళ సంబరం సగం తీరిపోతుంది. పొద్దుటి వాహనానికైతే కాళ్ళకు జోళ్ళు తప్పనిసరి. చెప్పులు విప్పవలసిన చోట మందపాటి మేజోళ్ళు వేయండి. తొమ్మిది దాటితే రాతి పరుపు మీద పెద్దవాళ్ళమే గెంతుతూ నడుస్తాం.

ఇప్పుడు అసలైనదానికి వస్తాను. మీరు అక్కడ అనుభవించినదానికి దగ్గరగా ఉండేది, రాత్రంతా ఆరుబయట గడిపేది మన దగ్గర భారతం. చిత్తూరు, తిరుపతి, పుత్తూరు, నగరి వైపు ధర్మరాజుల గుడి, ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో వేసవి పొడుగునా ఇది జరుగుతుంది. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం భాగవతారు హరికథగా భారతం చెబుతాడు, రాత్రి అదే ఘట్టాన్ని వీధినాటకంగా ఆడతారు. ఆట పదింటి ప్రాంతంలో మొదలై కోడికూత దాకా సాగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చాపలు, దుప్పట్లు, చద్దిమూటలు తెచ్చుకుని మైదానంలో దిగిపోతారు. అవ్వలు పద్యం వినిపిస్తే లేస్తారు, వచనం వస్తే కునుకు తీస్తారు. బొరుగులు, వేరుశనగకాయలు అమ్మేవాళ్ళు, బుడగలవాళ్ళు, రంగులరాట్నం అన్నీ ఉంటాయి.

కానీ పద్దెనిమిది రోజులూ పిల్లలవి కావు. రాత్రి ఆటకు మూడేళ్ళ పాపను కూర్చోబెట్టడం దండగ. కిరీటాలు, భుజకీర్తులు పెట్టుకున్న వేషం తెర తీసి ఒక్క గంతు వేస్తే ఆ పిల్ల కెవ్వుమంటుంది, తర్వాత వారం రోజులు ఇంట్లో చీకటి గదిలోకి వెళ్ళదు. భారతంలో పగటి ఘట్టాలు కొన్ని ఉన్నాయి, మీకు కావలసింది అవి. బకాసుర వధ రోజున భీముడి వేషగాడు బండి మీద అన్నపు రాశి పెట్టుకుని వీధివీధీ తిరుగుతాడు. ఇంటింటివాళ్ళూ తినుబండారాలు తెచ్చి బండిలో వేస్తారు, అతను తింటూ, విసురుతూ, పిల్లలను ఆటపట్టిస్తూ పోతాడు. పాపకు ఇదే సరైన రోజు. భయపెట్టేది ఏమీ లేదు, బండి మీ ముందు నుంచి వెళ్ళిపోతుంది, కావాలంటే వెంట నడవవచ్చు, లేదంటే ఇంటికి పోవచ్చు.

బాబుకైతే అర్జునుడి తపస్సు. మైదానం మధ్యలో తాటిచెట్టంత మాను పాతుతారు, దాన్ని తపస్సు మాను అంటారు. మెట్లలా కొయ్యలు దిగగొట్టి ఉంటాయి. అర్జునుడి వేషగాడు కింద పూజ ముగించి, ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగి పద్యం పాడుతూ ఎక్కుతాడు. పైన చిన్న మంచె. అక్కడికి చేరాక సంచిలోంచి విభూతి, కుంకుమ, నిమ్మకాయలు, పూలు కిందికి విసురుతాడు. సంతానం కోరుకునే ఆడవాళ్ళు తడి చీరలతో మాను కింద సాగిలపడి ఉంటారు. ఆ నిమ్మకాయ ఒడిలో పడితే పిల్లలు పుడతారని నమ్మకం. ఏడేళ్ళవాడికి ఇది కళ్ళు తిప్పుకోనివ్వని దృశ్యం. వాడు అడిగే ప్రశ్నలన్నీ ఎక్కేవాడి గురించే ఉంటాయి: పడిపోతే, చెయ్యి జారితే, భయం వేయదా అని. చాలా ఊళ్ళలో ఈ ఘట్టం పగలే జరుగుతుంది కానీ పద్యాలకు గంటలు పడుతుంది. మొదటి నుంచి ఎండలో నిలబడవలసిన పని లేదు; సగం మాను ఎక్కాడని మైకులో వినిపించాక నీడలోంచి బయలుదేరితే సరిపోతుంది. మాను మొదట్లోకి పోకండి. నిమ్మకాయల కోసం జనం ఒక్కసారిగా ముందుకు వస్తారు.

చివరి రోజు దుర్యోధన వధ కూడా ఎక్కువగా పగటి ఆటే. మైదానంలో మట్టితో నేల మీద వెల్లకిలా పడుకున్న దుర్యోధనుడి బొమ్మ చేసి రంగులు వేస్తారు. ఎంత పెద్దదంటే భీముడూ దుర్యోధనుడూ దాని చుట్టూ, దాని మీద పరుగెత్తుతూ యుద్ధం చేస్తారు. చివరికి తొడ పగలగొడితే లోపల దాచిన కుండలోని ఎర్రనీళ్ళు బయటికి వస్తాయి. మా మనవళ్ళలో ఒకడు ఇది చూసి చప్పట్లు కొట్టాడు, వాడి తోటివాడు ఏడ్చాడు. ఇద్దరిదీ ఒకే వయసు. మీ బాబు సంగతి మీకే తెలియాలి. ముందు రోజు సాయంత్రం వెళ్ళి, బొమ్మ తయారవుతుంటే చూపించండి. మట్టి తొక్కడం, ముఖం దిద్దడం, మీసాలకు నల్లరంగు వేయడం చూశాడంటే మర్నాడు భయపడడు. నిజానికి ఆ బొమ్మ చేసే సాయంత్రమే నాకు అన్నిటికంటే ఇష్టం, అప్పుడు మైదానంలో పిల్లలూ పనివాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. దుర్యోధన వధ రోజు సాయంత్రం జరిగే అగ్నిగుండానికి మాత్రం దూరం నుంచి ఒక చూపు చాలు. నిప్పుల సెగ, పొగ, తోపులాట మూడూ ఉంటాయి.

భారతానికి రాత్రి బస చేయాలనుకుంటే ఇలా చేయండి. సాయంత్రం చేరి, పిల్లలకు అన్నం పెట్టి, తెర ముందు జరిగే పూజ, కోమాళి హాస్యం చూపించండి. కోమాళి అంటే నవ్వించే వేషగాడు, పిల్లలకు ప్రాణం. పదకొండింటికి పక్క మీదకు చేర్చండి. పెద్దవాళ్ళు వంతులు వేసుకుని ఆట చూడండి. పక్క మైదానంలో వద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వాడకూడదని 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల్లో ఉంది, ఉత్సవాలకు కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చనీ ఉంది. భారతం ఆడే ఊళ్ళో ఆ నియమం గురించి మాట్లాడి చూడండి, ముందు మీకు మజ్జిగ ఇస్తారు, తర్వాత నవ్వుతారు. కాబట్టి మైకు కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయో చూసి, వాటికి వెనక వైపు, రెండు వీధుల అవతల చోటు చూసుకోవాలి. ఊళ్ళో ఎవరూ తెలియకపోతే గుడి పెద్దలను ముందు రోజు అడగండి. పిల్లలతో వస్తున్నామంటే వసారా ఇవ్వని ఇల్లు మా వైపు అరుదు.

నేల మీద పక్క వేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎండాకాలం రాత్రి తేళ్ళు, పాములు చల్లదనానికి, ఎరకు బయటికి వస్తాయి. కట్లపాము కాటు ఎక్కువగా నేల మీద నిద్రపోయేవాళ్ళకే పడుతుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా కనబడకపోవచ్చు. పిల్ల తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు ఎత్తలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా అజీర్తి అనుకోకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి. మంత్రాలు, నాటు వైద్యాలకు పోయే ప్రతి నిమిషమూ నష్టమే. తేలు కుట్టాక పిల్లకు చెమటలు పట్టి, వాంతులై, కాళ్ళూ చేతులూ చల్లబడితే అదీ ఆసుపత్రి పనే. నివారణ తేలిక: మడత మంచాలు రెండు అద్దెకు తీసుకోండి, దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. దుప్పటి నేలకు వేలాడనివ్వకండి. పొద్దున బూట్లు దులిపి తొడగండి. విదేశీ డేరా ఉందన్నారు కదా, దాన్ని వాడదలిస్తే జిప్పు పూర్తిగా మూసి ఉంచాలి. మే నెలలో జిప్పు మూసిన డేరాలో పిల్లలు పడుకోలేరు. అందుకే మంచమూ దోమతెరే నా సలహా.

పందిరి కింద కూర్చోవడానికీ ఒక పద్ధతి ఉంది. షామియానా గుడ్డ నీడనిస్తుంది కానీ కింద వేడి నిలుస్తుంది. కొబ్బరాకు చలువ పందిరి ఉంటే అక్కడికి వెళ్ళండి. మేలో సాయంత్రం పడమట మబ్బు కట్టి, గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే గాలివాన రాబోతుందని గుర్తు. అప్పుడు మేము చేసే మొదటి పని పక్క తెరలు విప్పేయడం. లేకపోతే గాలి తెరలో చిక్కుకుని పందిరినే లేపేస్తుంది. నిర్వాహకులు తెరలు విప్పకుండా నిలబడి ఆకాశం చూస్తుంటే మీరు పిల్లలను తీసుకుని పక్కా కట్టడంలోకి వెళ్ళిపోండి. గుంజల పక్కన, గుంజను లాగి కట్టిన తాళ్ళ మధ్య పిల్లలను ఎప్పుడూ ఆడనివ్వకండి. తడిసిన ఇనుప గుంజను, అలంకరణ దీపాల తీగలను తాకనివ్వకండి. ఆ తీగల అతుకులు ఎక్కడ ఎలా చుట్టారో చుట్టినవాడికే తెలుస్తుంది. జనరేటరు ఉన్న మూల పొగ, చప్పుడు కూడా. మీ చోటు దానికి ఎదురు మూలన ఉండాలి.

గంగమ్మ జాతర గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది, చాటింపుతో మొదలై వారం రోజులు నడుస్తుంది. రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. ఒంటికి ఒకనాడు తెల్ల సుద్ద, ఒకనాడు కుంకుమ, ఒకనాడు బొగ్గుపొడి, ఒకనాడు గంధం పూసుకుంటారు. మీరు ఊళ్ళోనే ఉంటారు కాబట్టి బస అక్కర్లేదు, చూడకుండా ఉండడమూ తప్పే. అయితే రోజు ఎంచుకోండి. కొన్ని వేషాల్లో భక్తులు ఎదురుపడినవాళ్ళను బూతులు తిట్టడం ఆచారం. గంగమ్మ ఆ తిట్లకు సంతోషిస్తుందంటారు. బాబు వయసుకు అవన్నీ చక్కగా గుర్తుంటాయి, బడి తెరిచాక బయటపడతాయి. బైరాగి వేషం రోజు గానీ దొర వేషం రోజు గానీ పొద్దున ఏడింటికి వెళ్ళి ఎనిమిదిన్నరకు వచ్చేయండి. మొక్కు ఉంటే బాబుకు మీరే గంధం పూసి, వేపాకు చేతికిచ్చి తీసుకువెళ్ళవచ్చు, అలా వచ్చే పిల్లలు ఎందరో. ఆడవేషాలు కట్టిన మగవాళ్ళను చూసి పిల్లలు నవ్వితే ఎవరూ ఏమీ అనుకోరు. భక్తులు పోసే అంబలి తాగించండి, చలవ చేస్తుంది. చివరి మంగళవారం మాత్రం వద్దు. చిత్తూరు నడివీధి గంగమ్మ, కుప్పం గంగమ్మ జాతరలకూ ఇదే మాట. పల్లె జాతరలకైతే బలులు ఏ వేళ ఇస్తారో ముందే కనుక్కోండి.

ఉత్సవం లేకపోయినా డేరా చాలనుకుంటే తలకోన, హార్స్‌లీ హిల్స్ ఉన్నాయి. హార్స్‌లీ హిల్స్ పాత చిత్తూరు జిల్లాలోదే, మదనపల్లె దగ్గర, నాలుగు వేల అడుగులకు పైన. మే నెలలో పిల్లలు రాత్రి దుప్పటి అడిగే చోటు ఈ చుట్టుపక్కల అదొక్కటే. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉంది, 270 అడుగుల జలపాతం. రెండు చోట్లా అనుమతించిన బసల్లోనే దిగాలి. శేషాచలం అడవిలో ఎక్కడపడితే అక్కడ డేరా వేయడం నేరం. కోతులు ఉంటాయి కాబట్టి పాప చేతికి బిస్కెట్టు ఇచ్చి బయట వదలకండి. పలమనేరు, కుప్పం వైపు మామిడితోటలో డేరా వేసుకోమని స్నేహితులు పిలిస్తే పగటి భోజనానికి సరే అనండి, రాత్రికి వద్దు. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పండిన తోటలకు రాత్రే వస్తాయి.

తిరుమలలో వైశాఖ మాసంలో మూడు రోజులు నారాయణగిరి ఉద్యానవనంలో పద్మావతీ పరిణయోత్సవాలు జరుగుతాయి. సాయంత్రపు చల్లగాలి, పూల పందిరి, కల్యాణం. గది దొరికితే పిల్లలకు చాలా బాగుంటుంది. వెళ్ళేది మాత్రం బస్సులోనే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి ఒక చిన్నారి ప్రాణం తీసింది. ఆ తర్వాత 12 ఏళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి పంపకుండా ఆంక్షలు పెట్టారు. మీరు వెళ్ళేనాటికి నియమాలు ఏమిటో కొండ ఎక్కే ముందు కనుక్కోండి.

సామాను గురించి ఎక్కువ చెప్పను, మీరు అలవాటైనవాళ్ళు. మూడు మాత్రం ఇక్కడివి. ఒకటి, మరుగుదొడ్డి ఉండదనే అనుకుని బయలుదేరండి. పాపకు బుల్లి కమోడు, ఒక బక్కెట్టు, చుట్టూ కట్టడానికి పాత చీర తీసుకువెళ్ళండి. రెండు, తిండి ఇంటి నుంచే: పెరుగన్నం సాయంత్రం దాకా నిలవాలంటే పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలపండి. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం లీటరు నీటికి సరిపడా ఉంటుంది, సగం నీటిలో కలిపి చిక్కగా పట్టకూడదు. రంగు ఐసు, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు వద్దు. ముంజలు, కళ్ళ ముందు కొట్టిన కొబ్బరిబొండం కావలసినన్ని. మూడు, ఇద్దరి ముంజేతి మీదా చెరగని పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి. బాబుకు ఒక మాట నేర్పండి: తప్పిపోతే వెతుకుతూ తిరగకుండా మైకు ఉన్న చోటికి వెళ్ళి నిలబడాలని. మన ఉత్సవాల్లో మైకు లేని చోటు లేదు, దాని దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. పోలీసు సహాయానికి 112, పిల్లల సహాయానికి 1098.

ఈ ఏడాదికి మీకు నా వరుస చెప్పమంటే: ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో దగ్గరి ఊరి భారతంలో బకాసుర వధ, ఒక పూట, నారాయణవనం బ్రహ్మోత్సవాల ఆరో రోజు, పొద్దుటి వాహనం చూసి, మధ్యాహ్నం పుత్తూరులో గది తీసుకుని పడుకుని, రాత్రి వాహనం, తర్వాత వీలైతే తెప్పోత్సవం. ఈ మూడింటిలో పాప ఎలా ఉందో చూశాక, పగలు తపస్సు మాను, ఆ రాత్రికి అక్కడే బస. భారతం ఏ ఊళ్ళో ఏ రోజు ఏ ఆటో కరపత్రం వేస్తారు. బస్టాండు దగ్గరి టీ అంగళ్ళ గోడల మీద అంటించి ఉంటుంది. అందులో ఘట్టాల పక్కన పగలో రాత్రో రాసి ఉంటుంది, అడుగున గుడి పెద్దల ఫోన్ నంబర్లు ఉంటాయి. వాళ్ళకు ఫోన్ చేసి ఆట ఎన్నింటికి మొదలని అడిగితే ఎనిమిది అంటారు, మీరు పది అనుకోండి.